మలుపులో దిమ్మె

మా అమ్మాయి స్కూటర్ స్టార్ట్ చేస్తే దాంతోపాటు నా గుండె కూడా దడదడలాడుతుంది. గ్యాస్ కట్టేశానో లేదోనని సగం దారిలోంచి వెనక్కొచ్చే మనిషిని, నా భయాలకి ఇంట్లో విలువేముంటుంది? కానీ ఆ మలుపు సంగతి మాత్రం నేను ఊహించుకున్నది కాదు.

మా వీధి చివర పెద్ద రోడ్డు వంపు తిరిగే చోట తారు బయటివైపుకి వాలి ఉంటుంది. వాన పడితే కంకరంతా అక్కడికే కొట్టుకొస్తుంది. బళ్ళు జారుతూనే ఉండేవి. ఒకసారి పాలు పోసే అతను జారి, పక్కన గడ్డిలో దొర్లి, ప్యాంటు దులుపుకుని, ఒలికిన పాలకి ఏడుస్తూ వెళ్ళిపోయాడు. జనం గోల పెడితే రోడ్ల ఆఫీసువాళ్ళు వచ్చి 'నెమ్మదిగా వెళ్ళండి' అని బోర్డు పెట్టారు. ఎక్కడనుకున్నారు? సరిగ్గా అందరూ జారిపడే ఆ గడ్డిలోనే, నడుమెత్తు సిమెంటు దిమ్మె కట్టి మరీ.

తర్వాత మొదటి వానకే పక్కవీధి టైలరమ్మ జారింది. ఆవిడ బండిని నడిచేవాళ్ళు కూడా దాటిపోతారు. అయినా దిమ్మెకి కొట్టుకుని తుంటి ఎముక విరిగింది.

"బోర్డు చదివానక్కా, నెమ్మదిగానే వెళ్ళాను," అంది మంచం మీంచి.

ఇంతలో మా అమ్మాయికి ల్యాబులో ఉద్యోగం వచ్చింది. రోజూ ఆ మలుపు మీంచే పోవాలి.

"వద్దే తల్లీ, మానెయ్యి."

"నువ్వు మానెయ్యమన్నవన్నీ మానేస్తే నేను బీరువాలో కూర్చోవాలమ్మా!"

"బీరువా మీద పడుతుందంటుంది మళ్ళీ," అన్నాడు మా ఆయన పేపరు దించకుండా.

పిల్లని ఆపలేను. అయితే ఆ దిమ్మెనే లేపాలి అనుకున్నాను.

రోడ్ల ఆఫీసులో ఇంజినీరు చిన్నవాడే. టైలరమ్మ సంగతంతా చెప్పాను. "జాగ్రత్తగా నడిపితే ఏం కాదమ్మా," అన్నాడు.

"జారకుండా నడపమని మా పిల్లకి నేను చెప్పుకుంటాను బాబూ. జారితే గడ్డి మీద పడాలో సిమెంటు మీద పడాలో మీ చేతుల్లో ఉంది."

"వాలు సరిచేయాలంటే పైనుంచి మంజూరు రావాలి."

"అది తర్వాత. ముందు దిమ్మె తీయించండి."

"చూస్తాం."

ఆ మాట నాకు కొత్త కాదు. కారుతున్న కుళాయి గురించి మా ఆయన కూడా అదే అంటాడు.

తిన్నగా టైర్ల షాపుకి వెళ్ళాను. "తమ్ముడూ, పాత టైర్లుంటే ఇవ్వు."

"ఏం చేస్తావక్కా? బావ మెడలో వేస్తావా?"

"ఆయన తర్వాత. ముందు దిమ్మెకి."

నవ్వుతూనే ఆటోలో వేసుకొచ్చాడు. ఇద్దరం కలిసి దిమ్మె చుట్టూ టైర్లు పేర్చి తాడుతో బిగించాం. మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్నే వెళ్ళి ఆ టైర్ల మీద కూర్చున్నాను. నన్ను చూసి అది తల కొట్టుకుంది గానీ, మలుపు మాత్రం మెల్లగా తిరిగింది. రోజూ వెళ్ళి కూర్చున్నాను. చివరికి ఇంజినీరే జీపులో వచ్చాడు.

"ఇది రోడ్డు స్థలమమ్మా. ఇలా అడ్డం పెట్టకూడదు."

"మీ అడ్డం మీరు తీసెయ్యండి, నా అడ్డం నేను తీసేస్తాను."

అతనికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "ఆ టైలరమ్మ ఎక్కడ జారింది?"

చూపించాను. అతను అక్కడ నిలబడి దిమ్మె వైపు చూశాడు.

"బోర్డు మలుపుకి ముందే ఉండాలి. లోపలివైపు," అన్నాడు మెల్లగా.

ఆ వారమే మనుషులొచ్చి దిమ్మె పగలగొట్టారు. బోర్డుని మలుపుకి ముందు, లోపలివైపు సన్నటి గొట్టం మీద నిలబెట్టారు. వాలు మాత్రం అలాగే ఉంది. దానికోసం ఇప్పటికీ ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాను. నన్ను చూడగానే బంట్రోతు కుర్చీ వేస్తున్నాడు.

మొన్న వానలో మా అమ్మాయి ఇంటికొచ్చింది. భుజం నుంచి పాదం దాకా ఒకవైపంతా బురద.

"ఏమైందే!"

"జారాను."

"ఎక్కడ?"

"నీ మలుపులోనే. గడ్డిలో పడ్డాన్లే."

మోచేయి తిప్పి చూశాను. కాస్త గీరుకుంది, అంతే. తువ్వాలు తెచ్చి బురద తుడిచాను.

"తెల్ల చుడీదార్ వేసుకుని వానలో వెళ్ళమని ఎవరు చెప్పారే నీకు?"