అడగకుండా తీసుకున్న ఏళ్ళు

మా తమ్ముడికి విదేశీ సినిమాల పిచ్చి. అందులోనూ ప్రయోగశాలలు, వింత యంత్రాలు, ఊపిరి బిగబట్టించే కథ ఉంటే వాడికి అన్నం కూడా అక్కర్లేదు. అందుకే ఆ రోజు వాణ్ణి డయాలసిస్‌కి తీసుకెళుతూ నా సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. చావును జయించిన యంత్రం గురించిన సినిమా అని తెలుసు. అంతకు మించి కథేమిటో కనుక్కోలేదు. కనుక్కుని ఉండాల్సింది.

వాడు బస్సు డిపోలో మెకానిక్కు. రెండు కిడ్నీలూ చేతులెత్తేశాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ఆ మంచం మీద పడుకోవాలి. మా మరదలి కిడ్నీ సరిపడలేదు, నాది సరిపడింది. డాక్టర్లు నన్ను నఖశిఖపర్యంతం పరీక్షించి, ఒకటి ఇచ్చినా నిక్షేపంగా ఉంటావన్నారు. ఇస్తానన్నాను. వీడు వద్దన్నాడు. రెండు నెలలుగా బతిమాలాను, తిట్టాను, వారం రోజులు మాట్లాడటం మానేశాను. ఉహూ. "నీకేమన్నా అయితే బావకి మొహం ఎలా చూపించను?" అన్నది ఒక్కటే పాట. ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీ ఉంచాలో వద్దో ఆ సాయంత్రంలోగా చెప్పమన్నారు. వదులుకుంటే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. వాడేమో రోజురోజుకీ చిక్కిపోతున్నాడు.

చావును గెలిచినవాణ్ణి చూస్తే వీడికీ బతుకు మీద ఆశ పుడుతుందని నా ఎత్తు. నేను దర్జీని. గుడ్డ తడిపి ఆరబెట్టకుండా కత్తెర పెట్టే రకం కాదు. ఆ రోజు మాత్రం తొందరపడ్డాను.

టెక్నీషియన్ వాడి ఎడమచేతికి సూదులు గుచ్చి, గొట్టాలు తగిలించి వెళ్ళాక సినిమా పెట్టాను. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటే వాడికి అందవు. నేను చదివి చెప్పాలి. పక్క మంచం మీదున్న లెక్కల మాస్టారు కూడా కళ్ళజోడు సర్దుకుని ఇటు తిరిగారు.

కథ బాగానే మొదలైంది. చావుబతుకుల్లో ఉన్న ఒక కోటీశ్వరుణ్ణి గాజు పెట్టెలో పడుకోబెట్టారు. పెట్టెలో పొగ, వెలుగు, తర్వాత బీప్ బీప్ బీప్ అని ఒకటే మోత. అంతే, ఆ వార్డులో ఉన్న నలుగురు రోగులూ ఒక్కసారిగా చేతులు చాపి బిగుసుకుపోయారు. చెయ్యి కాస్త మడిస్తే గొట్టం నొక్కుకుపోయి వాళ్ళ మిషన్లు సరిగ్గా అలాగే అరుస్తాయి. నిద్రలో వినపడ్డా చెయ్యి దానంతటదే చాచుకుంటుంది. టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి మిషన్లన్నీ చూసి, ఆఖరికి నా ల్యాప్‌టాప్‌ని చూసి నెత్తి కొట్టుకున్నాడు. మాస్టారు పకపకా నవ్వారు. మా వాడూ నవ్వాడు. నేను గెలిచాననే అనుకున్నాను.

కోటీశ్వరుడు ముప్పై ఏళ్ళ కుర్రాడిలా లేచి నడుస్తుంటే మా వాడి కళ్ళు మెరిశాయి. ఆ తర్వాత మొదలైంది నా ఖర్మ. ప్రయోగశాల వెనక గదిలో ఒక అమ్మాయిని మత్తులో పడుకోబెట్టి ఉంచారు. కోటీశ్వరుడికి ఒక ఏడు కలిసినప్పుడల్లా ఆ పిల్ల ఆయుష్షులోంచి ఒక ఏడు పోతోంది.

"ఆ పిల్లెవరక్కా?"

"వాడి చెల్లెలు. నిద్రపోతోంది."

"మరి జుట్టెందుకు తెల్లబడింది?"

"రంగేసుకుంది."

"తెల్ల రంగా?"

"వాళ్ళ దేశంలో ఫ్యాషన్‌రా! నోరు మూసుకుని చూడు."

"అలా కాదమ్మా," అన్నారు మాస్టారు, "కింద స్పష్టంగా రాస్తున్నాడు కదా." అని పాఠం చెప్పినట్టు మొత్తం విడమరిచి చెప్పారు. ఆయన ఒంటికి గొట్టాలుండబట్టి ఊరుకున్నాను.

ఆ తర్వాత మా వాడు ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. చివరికి కోటీశ్వరుడికి నిజం తెలిసింది. ముసలిదైపోయిన ఆ పిల్ల పక్కన కూర్చుని ఏడ్చి, తనను బతికిస్తున్న వైర్లు తనే పీకేసుకున్నాడు.

"చూశావా అక్కా? నేను మొత్తుకునేదీ అదే."

కోరి కొరివితో తల గోక్కున్నాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, వాటికంటే ముందు కోపమొచ్చింది. ల్యాప్‌టాప్ టపీమని మూసేశాను.

"ఏమిట్రా అదే? ఆ పిల్లని ఎవరైనా అడిగారా? మత్తిచ్చి దోచుకున్నారు. నేను కళ్ళు తెరుచుకుని, అన్ని పరీక్షలూ చేయించుకుని, ఇస్తానంటున్నాను. రెండూ ఒకటేనా?"

"ఒకటేనని కాదు..."

"అడిగి ఉంటే ఇచ్చేదేమో కూడా," అన్నారు మాస్టారు మెల్లగా.

"మాస్టారూ, మీరాగండి." ఆయన్ని కసిరి మళ్ళీ వీడి మీద పడ్డాను. "నువ్వు మాత్రం అడిగావా? బావ, పిల్లలు, జనం ఏమంటారు, ఇవే కదా నీ మాటలు. బతకాలనుందని నాతో ఒక్కసారైనా అన్నావా?"

వాడు కిటికీ వైపు తిరిగాడు. పక్క బస్సు మెకానిక్కు దగ్గర పానా కూడా అడిగి తీసుకోని మనిషి, తనది కొనుక్కునేదాకా పని ఆపుకుంటాడు. వాడికిది ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఆ మాట నేను అందించదలుచుకోలేదు.

"ఉందక్కా," అన్నాడు. "చాలా ఉంది. మా పాప పెద్దదవడం చూడాలనుంది."

"అయితే అడుగు."

కుడిచేత్తో నా కొంగు పట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి.

"అక్కా, నాకు నీ కిడ్నీ ఒకటి ఇస్తావా?"

రెండు నెలలుగా ఇస్తాను ఇస్తానని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినదాన్ని, వాడు అడిగేసరికి ఆపరేషన్ గది కళ్ళ ముందుకొచ్చింది. కత్తులు, మత్తు, తెల్ల దీపాలు. అప్పటిదాకా వాడు ఒప్పుకుంటే చాలనుకున్నానే తప్ప, బల్ల మీద నేను కూడా పడుకోవాలన్న సంగతి బుర్రకెక్కలేదు.

"ఇస్తానురా," అన్నాను. "కానీ నాకూ భయంగా ఉంది."

వాడు నా మొహంలోకి చూశాడు. ఈసారి వద్దనలేదు. "సరే, అయితే ఇద్దరం కలిసే భయపడదాం," అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకుని, తేదీ ఉంచమని చెప్పడానికి డాక్టరు గదికి బయల్దేరాను.