పక్క సీటు డ్యూటీ

మా కారు బ్యాటరీ మళ్ళీ చచ్చింది. తాళం తిప్పితే టిక్కుమంటుంది, ఊరుకుంటుంది. మా ఆయన సూర్యం బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని లోపలికి చూశారు.

"ఇంక రతన్‌పూర్ ఏటెళ్తాం కనకం? వచ్చే ఆదివారం చూద్దాంలే," అన్నారు. గొంతులో బాధన్నది లేదు. నాకు ఒళ్ళు మండింది.

రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి రాజ్‌కిశోర్ నగర్‌లో ఈ ఇంటికి వచ్చినప్పుడు నేను కోరిన కోరిక ఒక్కటే. ఆయన బండి నడుపుతుంటే పక్కన కూర్చుని రతన్‌పూర్ అమ్మవారి దగ్గరికి వెళ్ళాలి. రైలు నడిపే లోకో పైలట్‌గా ఉద్యోగమంతా ఊళ్ళకు ఊళ్ళనే గమ్యం చేర్చారు గానీ, ఇంజన్‌లో పెళ్ళానికి చోటుండదు కదా! ఆయన డ్యూటీలో ఉంటే నేను పక్క క్వార్టర్ వాళ్ళతో బస్సెక్కి దర్శనం చేసుకుని వచ్చేదాన్ని. డ్యూటీకి పిలుపొస్తే టిఫిన్ డబ్బా సర్ది గేటు దాకా వెళ్ళడం, ఆయనతో అదీ నా ప్రయాణం. అందుకే రిటైరయ్యాక ఆయన డ్రైవింగ్ స్కూల్లో చేరి, లైసెన్సు తెచ్చుకుని, ఈ పాత కారు కొంటే పండగ చేసుకున్నాను. పండగ ఎక్కడ? కారు గేటు దాటితే కదా!

బ్యాటరీ షాపు గిరిబాబు మా పాత క్వార్టర్లలో పుట్టి పెరిగినవాడే. మొదటిసారి వచ్చినప్పుడు టెర్మినల్స్ మీద తెల్లగా పట్టిన పొడిని వేడినీళ్ళతో కడిగి, వాజలిన్ రాసి వెళ్ళాడు. ఆ తర్వాత పాతది తీసేసి కొత్త బ్యాటరీ వేశాడు. ఇప్పుడు ఆ కొత్తదీ పడుకుంది. పాపం, మళ్ళీ స్కూటర్ మీద ఇంకో బ్యాటరీ పెట్టుకుని వచ్చి, దానికీ దీనికీ తీగలు కలిపి కారు స్టార్ట్ చేశాడు. మీటరు పెట్టి చూశాడు.

"బ్యాటరీ మంచిదే పిన్నీ. చార్జింగూ బాగానే ఎక్కుతంది. బాబాయ్, రోజూ మీరు దీన్ని ఏటి చేస్తన్నారు?"

మా ఆయన ఛాతీ విరుచుకున్నారు. "పొద్దున్నే టెస్టింగ్! డ్యూటీ ఎక్కీముందు ఎలా చేసీవాణ్ణో అలాగే. హెడ్‌లైటు, ఫ్లాషరు, వైపరు, హారను. అన్నీ అయ్యాక స్టార్ట్ చేసి, సౌండు విని, ఆపీడమే."

"అచ్ఛా. అప్పుడు ఎటు తిప్పుతారు?"

"ఎటూ లేదు."

గిరిబాబు నవ్వాపుకోలేకపోయాడు. "అదే బాబాయ్ రోగం! ఇవన్నీ కరెంటు తాగీస్తాయి. అదంతా మళ్ళీ ఎక్కాలంటే బండి రోజూ రోడ్డు మీద అరగంటైనా నడవాల. ఇలా అయితే ఎన్ని బ్యాటరీలేసినా ఇదే గతి. ఇప్పుడు ఇంజన్ ఆపకండి, ఓ రౌండు తిప్పీ రండి." తీగలు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

గేటు బార్లా తీసి ఉంది. ఇంజన్ ఆడుతోంది. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు, కదలరు. వెళ్ళి పక్క సీట్లో కూర్చుని మొహంలోకి చూశాను. నుదురంతా చెమట. అప్పుడు అర్థమైంది నాకు. బ్యాటరీ చచ్చినప్పుడల్లా ఈ మహానుభావుడు లోలోపల దానికి దండం పెట్టుకుంటున్నారు!

"ఏటండీ, భయమా?" అన్నాను.

"రైలుకి స్టీరింగ్ ఉండదు కదే," అన్నారు చిన్నగా. "పట్టాలు ఎటెళ్తే అటే. నడపడం, ఆపడం, అంతే నాకొచ్చు. ఇక్కడ ప్రతి ఆవుకీ, ప్రతి ఆటోకీ నేనే తప్పుకోవాల. అక్కడ అసిస్టెంటైనా పక్కనుండీవాడు. ఇక్కడ నేనొక్కణ్ణే."

కోపమొచ్చింది, జాలేసింది, నవ్వూ వచ్చింది. అసిస్టెంటు పని నాకు తెలియనిదా? సిగ్నల్ కనబడగానే వాడు రంగు చెప్పాలి, పైలట్ చెయ్యి చాచి అదే రంగు తిరిగి చెప్పాలి. ఈయన నిద్రలో కూడా చెయ్యి చాచి "గ్రీన్" అంటే నా చెంప ఎన్నిసార్లు అదిరిందో!

సీటు బెల్టు పెట్టుకున్నాను. రోడ్డు అటూ ఇటూ చూసి గట్టిగా అరిచాను.

"గ్రీన్!"

ఆయన ఉలిక్కిపడ్డారు. చెయ్యి దానంతటదే లేచింది. "గ్రీన్," అన్నారు. కారు కదిలింది.

"ఎడమపక్క ఆవు, ఎల్లో!"

"ఎల్లో!"

"ఆటో అడ్డమొస్తంది, డేంజర్!"

"డేంజర్!" బ్రేకు పడింది. ఆటోవాడు మమ్మల్ని ఎగాదిగా చూశాడు. మందుల షాపు ముందు నిలబడ్డవాళ్ళు నవ్వారు. నవ్వుకోనీ! మా ఆయన చెమట ఆరిపోయింది, నాకది చాలు.

రోజూ అలా అరుచుకుంటూ కాలనీ చుట్టాం, తర్వాత పెద్ద రోడ్డెక్కాం. ఒక ఆదివారం రతన్‌పూర్ వెళ్ళాం. దర్శనం చేసుకుని వచ్చి ఆయన తాళం తిప్పుతుంటే అమ్మవారికి ఇంకోసారి దండం పెట్టుకున్నాను. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. దారంతా నా గొంతు పోయేలా అరిచాను. ఆయన పక్కన అలా కూర్చుని వెళ్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉందో!

ఇంటి ముందు కారు ఆపి ఆయన నా వైపు తిరిగారు. "రేపు డ్యూటీ ఎన్నింటికి?" అని అడిగారు.

ఒకప్పుడు డ్యూటీ అనే మాట వింటేనే నాకు ఏడుపొచ్చేది. మర్నాడు పొద్దున్నే లేచి ఉప్మా చేశాను, టిఫిన్ డబ్బాలు రెండు సర్దాను.