తట్ట దించే చెయ్యి

"నూకాలు మేడమ్ ఉండగా మనకి టీల బెంగేంటండీ!" అని ఆ ఏడాది కూడా చలమయ్య గారు అననే అన్నారు. ఉల్లిపాయలు బంగారమైపోయి, జనం ముల్లంగితో పులుసు కాచుకున్న ఏడాది అది. చలమయ్య గారంటే యూనివర్సిటీలో వ్యాయామ విద్య విభాగానికి హెడ్డు. మనిషి చెడ్డవాడు కాదు. గొంతెత్తి ఒక్క మాట అనేవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. అరిచిన మనిషికి ఎదురు చెప్పొచ్చు గానీ, నవ్వుతూ ట్రే చేతిలో పెట్టిన మనిషికి ఏం చెబుతారు? నూకాలు కూడా నవ్వి ట్రే అందుకుంది. అందుకున్నాక గుర్తొచ్చింది, తను కూడా ఆ విభాగంలో లెక్చరరేనని, పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకున్న మనిషేనని, ఇవాళ మొదటి వరసలో కూర్చుందామనే ఉతికిన చీరల్లో మంచిది వెతికి కట్టుకొచ్చానని.

అంత తాపత్రయం ఎందుకంటే, ఫిన్లాండ్ అనే దేశం నుంచి ఒకావిడ వచ్చింది. పేరు కిర్సి. జుట్టు నెరిసిపోయింది గానీ మెట్లు ఎక్కితే పదహారేళ్ల పిల్లలా ఎక్కేది. ఆటలాడే మనిషి గుండె ఎలా కొట్టుకుంటుంది, ఊపిరి ఎక్కడ ఆగుతుంది, ఒళ్లు ఎప్పుడు అలుస్తుంది అన్నదే ఆవిడ జన్మంతా చదివిన చదువు. వారం రోజులు పాఠాలు చెబుతుందని, ఆ తర్వాత ఎవరి పరిశోధనకైనా దారి చూపిస్తుందని చెప్పుకున్నారు. నూకాలుకి ఆ దారే కావాలి. జాలరిపేట ఇసకలో చెప్పుల్లేకుండా పరుగెత్తి, జిల్లాకి కప్పులు తెచ్చి, ఆ కప్పుల పుణ్యాన చదువుకుని ఉద్యోగంలోకి వచ్చిన పిల్ల ఆమె. పరుగు తెలుసు. పరుగెత్తేటప్పుడు లోపల ఏమవుతుందో తెలుసుకోవాలని ఒకటే ఆశ. కానీ దేని మీద రాయాలో తేలక, ఇంటి పనితో తెమలక, రెండేళ్లుగా ఒక్క అడుగు పడలేదు. "ఇంకేటి నీ సదువు? పిల్లలకి సెప్పుకోడానికి ఉద్దోగం ఉంది, సాల్దా?" అని మొగుడు అప్పలరాజు అంటూనే ఉన్నాడు. ఈ సెమినార్ అయ్యాక పీహెచ్‌డీ మానేస్తానని చలమయ్య గారికి ముందే చెప్పేసింది కూడా. "అయ్యో, అలాగా! సరేలెండి, మీ ఇష్టం," అన్నారాయన. ఎందుకని మాత్రం అడగలేదు.

మొదటి రోజు తలుపు దగ్గర ట్రేతో నిలబడి ఒక్క మాట వింది. "శరీరం బలపడేది పని చేస్తున్నప్పుడు కాదు..." అని కిర్సి ఇంగ్లీషులో నింపాదిగా అంటోంది. నూకాలు ఒళ్లంతా చెవి చేసుకుంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో, "మేడమ్, రిజిస్ట్రార్ గారికి చక్కెర లేని టీ!" అన్నారు. ఆ టీ పట్టుకొచ్చేసరికి మాట దాటిపోయింది. తెర మీద ఇంకేదో బొమ్మ వెలుగుతోంది. విరామంలో, పక్క గది లెక్చరర్ జగ్గయ్యని పట్టుకుని, "ఆ తర్వాత ఏమన్నారు సార్?" అని అడిగింది. "ఏదో అన్నారు మేడమ్. పరీక్షల్లో వచ్చేది కాదులెండి. సమోసా మాత్రం ఎవరు తెప్పించారో గానీ, భలేగా ఉంది!" అన్నాడాయన. పని చేస్తున్నప్పుడు కాకపోతే మరెప్పుడు? ఆ సగం మాట పంటి సందున ఇరుక్కున్న చేపముల్లులా ఆ రోజంతా ఆమెని గుచ్చుతూనే ఉంది. గిన్నెలు తోముతుంటే గుచ్చింది, చీర మడత పెడుతుంటే గుచ్చింది.

శనివారం కిర్సి ఒక వస్తువు తెచ్చి చూపించింది. రొమ్ము కింద కట్టుకునే నల్లటి పట్టీ, దానికి జతగా చేతి గడియారం. అవి కట్టుకుని తిరిగితే గుండె ఎన్ని మాట్లు కొట్టుకుందో గడియారం దాచుకుని, తర్వాత కంప్యూటర్‌కి చెబుతుందట. "రేపు ఆదివారం. ఒక ఆటగాడు కావాలి. పోల్చి చూడడానికి ఏ పనీ లేకుండా విశ్రాంతిగా ఉండే మనిషి ఒకరు కావాలి," అంది. ఆటగాడిగా దూరపు పరుగుల పైడయ్య లేచాడు. రెండో మనిషి కోసం చలమయ్య గారు హాలంతా చూసి, తలుపు వైపు తిరిగి చెయ్యి ఊపారు. "మన నూకాలు మేడమ్ ఉన్నారుగా! ఆదివారం ఇంట్లో ఖాళీయే కదండీ." హాలు నవ్వింది. నూకాలూ నవ్వింది. నిజమే కదా అనుకుంది కూడా. సెలవు రోజున తను చేసేదేముంది?

నూకాలు కాపురముండే మల్కాపురంలో ఆదివారం తెల్లవారకుండానే కుళాయి వస్తుంది. పట్టీ కట్టుకుని, దాని మీద జాకెట్టు తొడుక్కుని బిందె పట్టుకుంది. అత్త చిట్టమ్మ వాకిట్లో కూర్చుని, "ఏటే నూకాలు, రొమ్ముకి ఆ బెల్టేటి? ఎవుడేనా తాయెత్తు కట్టేడేటి?" అంది.

"గుండె కొలుత్తారంటత్తా."

"ఓలమ్మో! నా కొడుక్కి కట్టాల్సింది. ఓడల మీద సరుకు ఎత్తీ క్రేను తోలతాడు, ఆడి గుండె ఎంత అలిసిపోద్దో!"

అప్పలరాజు మంచం మీదనుంచే కలగజేసుకున్నాడు. "నీ గుండి కొలవడానికి ఏ దేశం నుంచో మనిసి రావాల్నా? నన్నడిగితే సెప్పనా? రాయి. రాయే!" తన హాస్యానికి తనే పడీపడీ నవ్వి, "బేగి టీ ఎట్టు," అన్నాడు. నూకాలు టీ పెట్టింది. ఇడ్లీలు వేసింది. రేవు వైపునుంచి గాలికి వచ్చిన ఎర్ర దుమ్ము పడితే, నిన్న ఆరేసిన బట్టలు మళ్లీ జాడించింది. పిల్లలకి తలంటింది. అత్త కాళ్లకి నూనె రాసింది. మొగుడి స్నేహితులు "బావా" అంటూ పేకాటకి దిగితే వాళ్లకి పకోడీలు వేసింది. "మీ ఆవిడ లెక్చరరట గదా బావా?" అని ఒకడంటే, "ఆ! ఆడించీ లెక్చరరు. దూకండ్రా అంటే పిల్లలు దూకుతారు, జీతం వత్తాది," అన్నాడు అప్పలరాజు. వంటింట్లో నూనె చిటపటల మధ్య కూడా ఆ మాట వినబడింది. అలాంటి మాటలు ఎంత సందులోనైనా దారి చేసుకుని వస్తాయి మరి. చెమటకి పట్టీ కింద దురద పెడుతుంటే ఆమెకి వేరే దిగులు పట్టుకుంది. రేపు పైడయ్య గీత కొండంత లేస్తుంది, తన గీత నేల మీద పడుకుని ఉంటుంది, అందరూ చూస్తారు. ఇంత చేసి కూడా, ఏమీ చెయ్యలేదని కాగితం మీద తేలిపోతుంది. సెలవు రోజున ఏం చేశారని ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉన్నానండీ" అనే తనూ అంటుంది కదా!

ఎండ ముదిరే వేళకి అమ్మ గంగాలమ్మ వచ్చింది. ఆదివారాలు మల్కాపురంలో చేపలు బాగా పోతాయి, అందుకని వస్తుంది. నెత్తి మీద తట్ట, తట్టలోంచి నీళ్లు జారి రవిక తడిసి ఉంది. గుమ్మంలో ఆగి, "ఒక సెయ్యి ఎయ్యే," అంది. నూకాలు చేతి పిండి కొంగుకి తుడుచుకుని పరుగున వెళ్లి దించింది. జాలరిపేట ఆడవాళ్లలో అదొక కట్టుబాటు. నిండు తట్ట ఎవరికి వాళ్లు ఎత్తుకోలేరు, దించుకోలేరు. పక్కన ఎవరుంటే వాళ్లు చెయ్యి వెయ్యాల్సిందే. పొద్దున్న జుట్టూ జుట్టూ పట్టుకున్న ఇద్దరైనా సరే, ఒకతి "ఒక సెయ్యి" అంటే రెండోది మొహం తిప్పుకునే చెయ్యి వేస్తుంది. వేసి, మళ్లీ తిట్టుకుంటారు. అది వేరే సంగతి.

తల్లీకూతుళ్లిద్దరూ గుమ్మంలో కూలబడ్డారు. మంచినీళ్లు తాగి, గంగాలమ్మ కూతురి మొహం చూసింది. "ఏటలా పీక్కుపోయేవు?"

"ఏటీ నేదమ్మా. సదువు మానేత్తన్నాను."

"ఎవలు మానెయ్యమన్నారు?"

"ఎవలూ అన్లేదు." అది నిజమే. ఎవరూ మానెయ్యమని తెగేసి చెప్పలేదు, హాల్లో కూర్చోమని కూడా చెప్పలేదు.

గంగాలమ్మ తమలపాకుకి సున్నం రాసుకుంది. తర్వాత అంది, "నాను కొత్తగా తట్టెత్తినప్పుడు ఎవల్నీ సెయ్యి ఎయ్యమనేదాన్ని కాదే. సిగ్గు. నవ్వుకుంటా నడిసేసేదాన్ని. మెడ నరాలు తెగిపోయేవి. ఓరోజు మా అత్తేటందో తెలుసా? నువ్వలా నవ్వుతా నడుత్తంటే తట్టలో సేపల్లేవనుకుంటారే ముండా, బరువుందని నోరు తెరిసి సెప్పు అంది." ఆకు నోట్లో వేసుకుని, "అడగాల. అడక్కపోతే ఎవుడూ దించడు," అని లేచింది. నూకాలు తట్ట ఎత్తి అమ్మ నెత్తిన పెట్టింది. లోపలనుంచి, "పకోడీలు మాడిపోతన్నాయే!" అని అత్త కేక.

సోమవారం హాల్లో లైట్లు ఆర్పి, తెర మీద కిర్సి మొదటి గీత చూపించింది. పొద్దున్న డాల్ఫిన్స్ నోస్ కొండలా నిటారుగా లేచింది. లేచి, దిగింది. దిగాక రోజంతా, ఒడ్డుకి లాగేసిన తెప్పలా పడుకుంది. రెండో గీత అంత ఎత్తుకి పోలేదు. కానీ తెల్లవారకముందే లేచింది. లేచినది ఇక దిగలేదు. అల మీద అల పడ్డట్టు రాత్రి దాకా పోటే తప్ప ఆటు లేదు. కిర్సి పేర్లు చెప్పలేదు, నిన్నటివని కూడా చెప్పలేదు; తన దేశంలో కొలిచినవేమో అనుకున్నారు అందరూ. "మీరే కోచ్ అయితే, వీళ్లిద్దరిలో ఎవరిని రేపు మైదానంలోకి రానివ్వరు?" అని అడిగింది.

"రెండో మనిషినే," అన్నాడు జగ్గయ్య. "ఎవడో మారథాన్ క్యాంపు కుర్రాడు. పిండేస్తున్నారు."

చలమయ్య గారు కళ్లజోడు సర్దుకున్నారు. "దారుణం అండీ. ఇలా ఆగకుండా తోలితే ఎవరి ఒళ్లు నిలుస్తుంది? నా విభాగంలో ఇలాంటి కోచ్ ఉంటే వెంటనే తీసేస్తాను. ఈ మనిషికి ముందు విశ్రాంతి ఇవ్వాలి."

వెనక తలుపు దగ్గర, కప్పుల ట్రేతో నూకాలు తెరని చూస్తూ నిలబడిపోయింది. గీత మధ్యలో ఒకచోట చిన్న పల్లం ఉంది. రోజు మొత్తానికి అదొక్కటే. నడినెత్తిన ఎండ ఉండే వేళ. గుమ్మం, మంచినీళ్లు, తమలపాకు వాసన, అమ్మ. ఆ పల్లాన్ని గుర్తుపట్టడానికి ఆమెకి ఎవరూ పేరు చెప్పక్కర్లేకపోయింది.

"ఏ పనీ లేదని మీరు ఇచ్చిన మనిషిది ఇది," అంది కిర్సి.

"గడియారాలు తారుమారై ఉంటాయండీ," అన్నారు చలమయ్య గారు. "లేదు. నేనే తీసి చూశాను," అంది కిర్సి. "ఆవిడతో మాట్లాడాలి. ఎక్కడున్నారు?"

"ఆవిడా... టీలు చూస్తున్నారు," అన్నారాయన. ఆ మాట నోటినుంచి వచ్చాక ఆయన మొహమే ఏదోలా అయిపోయింది.

నూకాలు వరసల మధ్యనుంచి నడిచి వచ్చింది. అడుగడుగుకీ కప్పులు చప్పుడు చేశాయి. వెనక బల్ల మీద ట్రే పెట్టేసి రావచ్చు. పెట్టలేదు. నేరుగా చలమయ్య గారి ముందుకొచ్చి నిలబడి, "సార్, ఒక చెయ్యి వెయ్యండి," అంది.

ఆయనా భీమిలి సముద్రపు గట్టు మీద పుట్టిన మనిషే. ఆ మాట చెవిన పడితే ఆ ఊళ్లవాళ్లకి చేతులు వాటంతటవే లేస్తాయి. లేచాయి. ఆయన కుర్చీలోంచి లేచారు, ట్రే ఆయన చేతుల్లోకి వెళ్లిపోయింది. నూకాలు మొదటి వరసలో ఆయన లేచిన కుర్చీలోనే కూర్చుని, కొంగు సర్దుకుని, తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగింది. "మేడమ్, మొదటి రోజు మీ మాట సగమే విన్నాను. శరీరం బలపడేది పని చేస్తున్నప్పుడు కాదన్నారు. మరెప్పుడు?"

"ఆగినప్పుడు," అంది కిర్సి. "పని ఒంటిని అరగదీస్తుంది. ఆగినప్పుడే అది తిరిగి కట్టుకుంటుంది. ఆగనివ్వకపోతే ఇక కట్టుకోదు."

నూకాలు ఆ రెండో సగాన్ని మొదటి సగానికి జత చేసుకుంది. "అయితే మా అమ్మకీ, మా అత్తకీ, మా పేటలో వాళ్లందరికీ ఈ పట్టీ కట్టాలి మేడమ్. నేను కడతాను, అదే నా పరిశోధన. మానేస్తానని సార్‌తో చెప్పాను గానీ, మానను."

వెనకాల ఎవరో అలవాటుగా, "మేడమ్, టీ..." అన్నారు. చలమయ్య గారి చేతుల్లో కప్పులు గలగలమన్నాయి. నూకాలు వెనక్కి తిరగలేదు.