మా సారెత్తు బంగారం

నా కడుపుల ముచ్చటాగదు. గా సంగతి మా రూమంతకు తెల్సు. ఎవలకు జీతం పెరిగింది, ఎవలు ముదీర్‌తోని, అంటె మేనేజరుతోని, తిట్లు దిన్నరు, పొద్దుగాల నా చెవుల వడ్డదంటె పగటాల్లకు మేముండే సత్వా బస్తీ మొత్తానికి తెలుస్తది. అసొంటోన్ని నేను ఒక్క ముచ్చటను మూడు వారాల మీద మింగి కూసున్న. నవ్వకుండ్రి. నవ్వెటోడు నా తీర్గ ఒక్క దినం నోరు మూస్కోని జూపియ్యాలె.

నా పేరు పర్శరాములు, మాది మంథని దిక్కు పల్లె. దుబాయ్‌ల బిల్డింగులు కట్టే కంపెనీల స్టోరు జూస్త. సిమెంటు బస్తాలు, రాడ్లు, తీగెలు అన్ని నా చేతి మీదికెల్లే పోవాలె. మా సైటు ఇంజనీరు వాల్టర్ సారు, కెనడా మనిషి. దర్వాజల నిలవడితె దర్వాజ నిండుతది, అంత లావు. ఆయనది ఆ దేశంల సస్కాచవాన్ అనే రాష్ట్రం. ఆ పేరు నా నోటికి తిరిగేసరికి ఒక ఎండకాలం పోయింది. ఎటు జూసినా గోధుమ చేన్లేనట ఆడ.

ఆ రాష్ట్రానికొక ఫుట్‌బాల్ టీమున్నది, రఫ్‌రైడర్స్. మనం తన్నే ఫుట్‌బాల్ గాదిది. బంతి గుండ్రంగుండదు, అటు ఇటు మొనదేలి ఉంటది. చేతుల వట్టుకోని ఉరుకుతరు, ఎదుటోళ్లు మీద వడి కూలగొడ్తరు. మన చెడుగుడుకు చుట్టమే అనుకోండ్రి. మూడుసార్లల్ల పది గజాలు ముంగటికి వోవాలె, లేకుంటె బంతి ఎదుటోళ్లకు. నిలువు కట్టెల నడిమికెల్లి తంతె మూడు పాయింట్లు. అండ్ల నాకు మస్తు నచ్చిన సంగతొకటున్నది. ఆ తన్నుడు తప్పి బంతి పక్కకు వోయినా, ఎదుటోళ్లు దాన్ని వాళ్ల గీత ఎనుకకెల్లి బయటికి తేలేకపోతె ఒక పాయింటిస్తరు. తప్పినోనికి గూడ ఒకటి! దునియాల ఇంకేడన్న ఉన్నదా గిసొంటి ధర్మం?

ఎనభై రెండుల ఒక శుక్రారం స్టోరు తాళంచెవులియ్యనీకి సారు ఫ్లాటుకు వోయిన. ఆయన ఆట జూసుకుంట "కూసో రామ్లూ" అన్నడు. గంతే. కూసున్నోన్ని ఏడేండ్లు లేవలే. శుక్రారం అచ్చిందంటె, బువ్వ దిని సారు ఇంటికే.

ఆయన అక్క ఆడ టీవీల అచ్చే ఆటను వీడియో టేపుల నింపి పంపుతుండె. అది ఈడ కస్టమ్సోళ్ల కాడ ఆగుతుండె. వాళ్లు మొత్తం జూసి, అండ్ల చెడ్డదేం లేదని తేలినంకనే ఇడుస్తరు. ఒకపాలి మూడు వారాలు, ఒకపాలి రెండు నెలలు. ఆ టేపులు ఈడి టీవీల నడువయని సారు కెనడా టీవీనే తెచ్చుకున్నడు. దానికి ఈడి కరెంటు వడదని పక్కపొంటి ఒక ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా, ఆటున్నంత సేపు గుయ్యిమనుకుంట ఉంటది.

టీములోళ్లు పచ్చటి అంగీలు ఏసుకుంటరు. అందుకే మా రూముల వాళ్ల పేరు పచ్చంగీలోళ్లు. ఏడాదికేడాది ఓడుడే ఓడుడు. మా రూముల రాజలింగం, మా పక్కూరోడే, నన్ను ఊకె ఎక్కిరిచ్చెటోడు.

"ఎవని టీమో, ఎవని దేశమో. ఓడెటోళ్ల ఎనుక ఎందుకు వడ్డవే బావా?" అన్నడొకనాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవని టీమంటవేందిరా? శాన టీములకు సేట్లుంటరు. పచ్చంగీలోళ్లకు సేటు లేడు. ఆడి రైతులు, పంతుళ్లు, దుకాణపోళ్లు తలా ఇంత ఏస్కోని నడిపిస్తరు. కఫీల్ లేని టీమ్‌రా అది! పాస్‌పోర్టు ఎవని సొరుగుల లేని టీమ్!"

రాజలింగం పాస్‌పోర్టు మా వీసాలిచ్చిన కఫీల్, అరబ్బు సేటు సొరుగులనే ఉండె. నాది గూడ ఆడనే. ఆ తర్వాత శుక్రారం నేనచ్చేసరికి "ఏమాయె బావా, మనోళ్లు?" అని వాడే అడిగిండు. మనోళ్లట! నాకు ఎంత సంబురమైందో చెప్పలేను.

ఇగ ఎనభై తొమ్మిది నవంబరు. సారు సైటాఫీసుల ఫోన్ పెట్టేసి బయటికి ఉరికచ్చిండు. అందరికంటె గట్టి టీమైన ఎడ్మంటన్‌ను వాళ్ల ఊర్లెనే ఓడగొట్టి పచ్చంగీలోళ్లు ఫైనల్‌కు వోయిండ్రట. మావోళ్లకున్నది ఒక్కటే కప్పు, అరువయ్యారుల గెలిచింది. డెబ్బయ్యారుల ఫైనల్ దాక వొయ్యి, ఆఖరి సెకండ్లల్ల ఓడిండ్రు. ఆ కబురు సారుకు ఈడనే దుబాయ్‌ల, ఫోన్‌ల తెల్సిందట.

"ఓడినందుకు గాదు రామ్లూ నా బాధ," అన్నడు సారు. "ఎవలో జెప్తె ఇన్న, నా కండ్లతోని జూడలే. ఈపాలి గెలిచినా ఓడినా నా కండ్ల ముంగట్నే కావాలె. టేపచ్చేదాక ఒక్కలు గూడ నాకు చెప్పద్దు. నువ్వు కావలుండు."

ఆయన మాట సగం ఇంగ్లిష్, సగం హిందీ. నాకు ఆ రెండు సగం సగమే అచ్చు. గని ఆ దినం ఒక్క ముక్క పొల్లు వోలే.

కావలంటె కావలే! ఫైనల్ దినం నుంచి పేపరు సారు టేబుల్ మీదికి వోకముందే ఆటల పేజీ చింపేస్తుంటి. నాకు ఇంగ్లిష్ సదువరాదు, ఏడేమున్నదో తెల్వది, అందుకే మొత్తం పేజీకి పేజీ. ఫోన్ మోగితె నేనే ఎత్తి "సార్ నహీఁ హై" అంటుంటి. సారు నా ఎదురుంగనే కూసోని తల ఊపుతుండె.

ఫైనల్‌కు ముంగటి దినం రూముల బువ్వ దినుకుంట దినుకుంట లేసి నిలవడి మొక్కిన. "సమ్మక్క తల్లీ, పచ్చంగీలోళ్లు కప్పు గెలిస్తె మా సారెత్తు బంగారమిస్త."

మా దిక్కు మొక్కు తీరితె, మేడారం జాతరల మనిషెంత బరువుంటె అంత బెల్లం తూకమేసి తల్లికిస్తం. ఆ బెల్లాన్నే బంగారమంటం.

రాజలింగం నోట్లె బువ్వ నోట్లెనే ఆగింది. "ఓర్నీ! మీ సారును ఎన్నడన్న సక్కగ జూసినవా? నీయెత్తు మొక్కరాదు, బక్కోనివి!"

"ఆయన టీము, ఆయనెత్తే. బక్కోనెత్తు మొక్కితె తల్లి నవ్వదా?"

ఫైనలైన రెండు దినాలకు సత్వాల చాయ్ దుకాణం కాడ నిలవడ్డ. ఖాదర్ హుస్సేన్ అచ్చిండు. హైదరాబాదోడు, వేరే కంపెనీల ఒక ఎడ్మంటన్ ఇంజనీరుకు డ్రైవరు. దూరంకెల్లే చేతులు సాపి "ముబారక్ హో మియా! మీ పచ్చంగీలోళ్లు..." అని షురూ జేసిండు. నేనురికి వాని నోరు మూసిన. ఏం ఫాయిదా? "కప్పు కొట్టిండ్రు గద!" అన్న మాట నా ఏళ్ల సందులకెల్లి బయటికచ్చింది. చాయ్ ఇద్దరి మీద వడ్డది.

వాన్ని కొట్టాల్నా, ముద్దు వెట్టుకోవాల్నా నాకు సమజ్ గాలే. ముందుగాల కడుపునిండ తిట్టిన. తిట్టుకుంట తిట్టుకుంటనే కావలిచ్చుకోని ఏడ్సిన. మావోళ్లు గెలిచిండ్రు! ఊకె ఓడెటోళ్లు, సేటు లేనోళ్లు, మావోళ్లు!

"మా సారు చెవుల గిట్ట ఈ మాట వడ్డదంటె నీ కాళ్లిరుగుతయ్," అన్న.

"అరే, మా సాబ్ దుఃఖంల ఉన్నడు. మీ సార్ మొఖం జూస్తనే లేడు," అని నవ్విండు ఖాదర్.

ఇగ ఆడికెల్లి మొదలైంది నా గోస. సైటుకు వోతె సారు. స్టోర్లకు వోతె సారు. "మావోళ్లు ఎట్లాడిండ్రో రామ్లూ?" అని గోర్లు కొరుక్కుంటడు. నా నాలుక చివరిదాక అస్తది, మింగుత. అది కడుపుల ఊకె వొర్లుతది. రూముల రాజలింగానికొక్కనికే చెప్పిన, అది గూడ మొక్కు సంగతున్నదని.

ఎందుకంటె రాజలింగం దుబాయ్ పని ఖలాస్ జేస్కోని ఆ గురువారమే ఇంటికి వోతున్నడు. ఫిబ్రవరిల జాతర. నా మొక్కు వాడే చెల్లియ్యాలె. దానికి సారు బరువు గావాలె.

"టేపు జూసినంక ఉత్తరం రాయరాదు బావా?" అన్నడు.

"టేపు ఎప్పుడస్తదో ఎవనికెర్క? జాతర దాటిందంటె మల్ల రెండేండ్లు. మొక్కు తీరిందని చెవుల వడ్డంక అమ్మను ఆగుమంటమా? ఆమె సంగతి తెల్వదారా నీకు?"

వాడు లెంపలేసుకున్నడు. గని అసలు చిక్కేందంటె, ఎత్తు బంగారం ముచ్చట నేనే ఒక శుక్రారం సారుకు పూసగుచ్చినట్టు చెప్పి ఉంటి. మొక్కు తీరితెనే తూకమని గూడ చెప్పి ఉంటి. నా నోరు వడిపోను! ఇప్పుడు తూకమెయ్యవోతె ఆయనకు అనుమానం రాదా? ఆయన ఇన్నేండ్లు ఆగింది నా కాటా మీద ఆగమైపోదా?

బుధారం పొద్దుగాల, రాడ్లు తూచే పెద్ద కాటా కాడికి సారును పిల్చిన.

"సార్, ఈ కాటా తప్పు జూపిస్తున్నట్టున్నది. తెల్సిన బరువేసి జూడాలె. నీ బరువు నీకెరుకే గద, జరంత ఎక్కు."

సారు నన్ను కింది నుంచి మీదిదాక జూసిండు. "సిమెంటు బస్తా యాభై కిలోలు. అదెయ్యి."

ఇంజనీరు గద, అడిగిండు సక్కగ! "బస్తాలన్ని నెమ్మువట్టినయి సార్, నమ్మరాదు," అన్న. నెమ్మువట్టిన సిమెంటంటె ఏ ఇంజనీరుకైనా కోపమే. స్టోరు ఎట్ల ఉంచాల్నో ఎట్ల ఉంచద్దో నాకు చెప్పుకుంట, తిట్టుకుంటనే ఎక్కిండు. ముల్లు నూట పద్దెనిమిది మీద నిలవడ్డది.

"కాటా మంచిగనే ఉన్నది," అని మొఖం మాడ్చుకోని దిగిండు. బస్తాల ఎనుక దాగిన రాజలింగం "అమ్మా" అన్నది నాకు ఇనవడ్డది.

రాజలింగం వోయిండు. టేపు డిసెంబరు ఇరువై దాటినంక అచ్చింది. శుక్రారం పగటీలి, నేను, సారు, గుయ్యిమనే డబ్బా. సారు నెత్తి మీద పచ్చ టోపీ. నా భుజం మీద పచ్చ తువ్వాల.

ఏమాట కామాటే చెప్పాలె, తెల్సి గూడ నేను కుర్చీ అంచుకు జరిగి కూసున్న. ఎదుటిది హామిల్టన్ టీము, పసుపు నలుపు అంగీలు. మావోళ్లు ముందైతరు, ఎనుకవడ్తరు, మల్ల ముందైతరు. ఆఖరి నిమిషంల హామిల్టనోడొకడు కింద వడుకుంటనే బంతి వట్టి నలభైకి నలభై జేసిండు. మావోళ్లు మల్ల జరంత జరంత ముంగటికి జరిగిండ్రు. ఇగ మిగిలినయి సెకండ్లే. తన్నెటోడచ్చి నిలవడ్డడు.

సారు లేసిండు. టీవీ దిక్కు చెయ్యి సాపిండు.

"డెబ్బయ్యారుల గూడ ఆఖరి సెకండ్లే. నేను జూడలేను రామ్లూ. బంద్ జేస్త."

గెలిచిండ్రు సార్! నాలుక మీదికచ్చింది, పండ్ల కిందికచ్చింది. నాలుక కొరుక్కున్న. ఒక్క మాటంటె ఆయన బాధ పోతది. ఆ ఒక్క మాటతోనే ఆయన ఇన్నేండ్లు ఆగింది గూడ పోతది. ఏం జెయ్యాల్నో తెల్వక నాకు కోపమచ్చింది.

"కూసో!" అని ఒర్రిన. ఆయన చేతి కింద పనిజేసెటోన్ని నేను! "ఇరువై మూడేండ్లు ఆగినవ్, ఒక్క తన్నుడు ఆగలేవా? కూసో అంటున్న!"

సారు బిత్తరవొయ్యి నా మొఖంలకు జూసిండు. నా మొఖంల ఏందో దేవులాడిండు. నేను సిమెంటు బస్తా లెక్క కదలకుంట నిలవడ్డ.

"తప్పినా ఒక పాయింటుంటది గద సార్," అన్న మెల్లగ.

ఆయన కూసున్నడు. నా చెయ్యి గట్టిగ వట్టుకున్నడు.

తన్నెటోడు తన్నిండు. బంతి రెండు కట్టెల నట్టనడిమికెల్లి వోయింది.

సారు రెండు చేతులల్ల మొఖం వెట్టుకోని ఎక్కెక్కి ఏడ్సిండు. అంత పెద్ద మనిషి. జరసేపటికి లేసి నన్ను చంటిపోరన్నెత్తినట్టు ఎత్తిండు, పచ్చ టోపీ ఎగిరి డబ్బా మీద వడ్డది. తిప్పి తిప్పి కింద దించినంక, ఏందో యాదికచ్చినట్టు ఆగిండు.

"రామ్లూ. ఆ కాటా..." అన్నడు. "బెల్లం!"

నేను తలకాయ దించుకున్న.

"నా బరువంత బెల్లమా?"

"ఔ సార్. నూట పద్దెనిమిది కిలోలు. సమ్మక్క తల్లి గద్దె మీద, మన టీము పేరు మీద. కెనడాల ఏ టీముకన్న ఉన్నదా గా మర్యాద?"

"అంటె నీకు అప్పటికే తెల్సు."

"తెల్సు సార్. సత్వాల తెల్సింది."

సారు కుర్చీల కూలవడ్డడు. "తెల్సినంక, మల్ల ఈ ఆట ఎందుకు జూడచ్చినవ్?"

"ఆట జూడరాలే సార్," అన్న. "నిన్ను జూడచ్చిన."

ఆయన కండ్లు తుడుసుకోని, టేపు ఎనుకకు తిప్పిండు. తన్నెటోడు మల్లచ్చి నిలవడ్డడు. ఈపాలి ఇద్దరికెర్కే. వాడింక అడుగన్న ఎయ్యలే, నేను కుర్చీ మీదికెక్కి, ఇన్ని దినాలు మింగిందంత కక్కేసినట్టు "పోయింది! కప్పు మనదే!" అని బొబ్బవెట్టిన. కింది అంతస్తోళ్లు ఏమైందోనని ఉరికచ్చి తలుపు కొట్టిండ్రు. నేనే వొయ్యి తలుపు దీసి, వాళ్లకు గూడ మొత్తం చెప్పిన.