పద్నాలుగు ఆకుల చక్రం

ఆమెను వీధిలో అందరూ పళ్ళక్క అనేవారు. డాక్టర్లు అచ్చు తీసి పంపితే దాన్నిబట్టి కట్టుడు పళ్ళు తయారుచేయడం ఆమె పని. గుమ్మం మీద ‘ఇక్కడ పళ్ళు చేయబడును’ అని బోర్డు ఉండేది. అది చూసి కొత్తవాళ్ళు, “చెట్లకే చేతకావడం లేదు, మీరెలా చేస్తున్నారమ్మా?” అని వేళాకోళమాడేవారు. ముప్పయ్యేళ్ళుగా వింటున్న హాస్యమే అయినా ఆమె ప్రతిసారీ నవ్వేది. తన పళ్ళు నలుగురికీ కనబడితే పనికి మంచిదే కదా అని ఆమె లెక్క.

మిగిలిపోయిన మైనంతోనూ సుద్దతోనూ బొమ్మలు చేయడం ఆమెకున్న ఒకే ఒక పిచ్చి. అగ్గిపెట్టెలో పట్టే కుట్టుమిషను ఒకటి చేసింది. చక్రం తిప్పితే సూది పైకీ కిందికీ ఆడేది. పై పళ్ళ సెట్టు కోసం వచ్చిన మ్యూజియం ఆఫీసరుగారు దాన్ని చూసి, పళ్ళ సంగతి మర్చిపోయి, పావుగంట సేపు చక్రం తిప్పుతూ కూర్చున్నాడు. చివరికి అడిగాడు.

“మేడమ్, ఒక ఫిరంగి చేసిపెడతారా?”

ఊరికి ఆరు మైళ్ళ అవతల కొండవాలులో డెబ్బై ఏళ్ళ కిందట యుద్ధం జరిగింది. ఆ దృశ్యాన్ని అద్దాల పెట్టెలో బొమ్మలతో చూపించాలని మ్యూజియం తలపెట్టింది. కొండా చెట్లూ వేరేవాళ్ళు చేస్తున్నారు. మధ్యలో ఉండాల్సిన ఫిరంగీ, దాన్ని పేల్చే సిపాయిలూ ఆమె చేయాలి. అసలు కొలతలో ముప్పై అయిదో వంతు. ఆధారం గోడకు వేలాడే ఒక్క ఫోటో. దాన్ని పెద్దది చేయించిన ప్రతి ఒకటి ఆమె చేతికిచ్చాడు.

పళ్ళక్క గొట్టాన్ని విరిగిన గొడుగు ఊచతో చేసింది. పంటికి రంధ్రాలు చేసే మరతో దాని లోపల వెంట్రుకవాసి గాడులు తీసింది. వెనక నేలకు ఆనే పొడవాటి తోకను రేకుతో వంచింది. వారం రోజుల్లో చక్రాల దాకా వచ్చింది. చక్రం చేయాలంటే ముందు దాని ఆకులు, అంటే నడిమి నుంచి అంచు దాకా పోయే కర్రలు, లెక్కపెట్టాలి. భూతద్దం తీసుకుని ఫోటో మీదికి వంగింది.

ఎడమ చక్రానికి పన్నెండు ఆకులు. కుడి చక్రం సగమే కనబడుతోంది, ఆ సగంలోనే ఏడున్నాయి. అంటే మొత్తం పద్నాలుగు.

కళ్ళు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. అదే లెక్క.

“ఏమండీ, ఒకసారి ఇటు రండి” అని భర్తను పిలిచింది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

“పద్నాలుగే. ఒక పక్క లారీ టైరు, ఒక పక్క జీపు టైరు వేసినట్టుంది. నేనిలా బండి తీసుంటే డిపోలో నా తోలు తీసేవాళ్ళు.”

“మరి యుద్ధంలో ఎందుకు ఊరుకున్నారు?”

“అది వాళ్ళనే అడగాలి.”

మాటవరసకు అన్నాడుగానీ, పళ్ళక్కకు ఆ మాట చెవిలో జోరీగలా పట్టుకుంది. మర్నాడే మ్యూజియానికి వెళ్ళింది. ఆఫీసరు తల అడ్డంగా ఊపాడు.

“రెండూ ఒక్కలాగే చేసెయ్యండి మేడమ్. తేడాగా ఉంటే మనమే తప్పు చేశామనుకుంటారు. అందరికీ సంజాయిషీ చెప్పుకోలేక నా తల ప్రాణం తోకకొస్తుంది.”

“సరే సార్. ఈ ఫోటో ఎవరిచ్చారో మాత్రం చెప్పండి.”

ఫైలులో చిరునామా దొరికింది. ఇచ్చినది ఆ ఫిరంగి దగ్గర పనిచేసిన సిపాయే. ఇంకా బతికే ఉన్నాడట.

ఆదివారం భార్యాభర్తలిద్దరూ రెండు బస్సులు మారి వెళ్ళారు. తలుపు తీసిన కోడలు, “మావయ్యగారికి చెవులు సరిగా వినబడవక్కా, కాస్త గట్టిగా మాట్లాడండి” అని లోపలికి తీసుకెళ్ళింది. తొంభై దాటిన మనిషి కిటికీ పక్కన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. పళ్ళక్క ఫోటో ఆయన ఒళ్ళో పెట్టి, కుడి చక్రం మీద వేలు పెట్టి, గొంతెత్తి అడిగింది.

“బాబాయిగారూ! ఈ చక్రం ఎక్కడిది?”

ముసలాయన ఫోటో వంక చూశాడు, ఆమె వంక చూశాడు. తర్వాత పగలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కోడలు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చేదాకా ఆ నవ్వు ఆగలేదు.

“డెబ్బై ఏళ్ళయిందమ్మా. ఒక్కడు అడగలేదు” అన్నాడు. “అది ఉప్పుబండి చక్రం.”

కొండ ఎక్కేటప్పుడు ఫిరంగి కుడి చక్రం రాతికి తగిలి ముక్కలైందట. అక్కడ ఆగడానికి వీల్లేదు. దారిలో ఉప్పు అమ్ముకునే ఒకాయన బండి కనబడింది. దాని చక్రం ఊడదీశారు. బండి రోడ్డు పక్కన ఒరిగిపోయింది. ‘చక్రం వాడుకుని తిరిగి ఇచ్చేస్తాం’ అని వాళ్ళ దళం ఆఫీసరు కాగితం మీద రాసి ఆయన చేతిలో పెట్టాడు.

“ఆయన ఏమన్నాడో తెలుసా? ‘కాగితం మీద నా బండి నడుస్తుందా బాబూ?’ అన్నాడు. బండి దగ్గర తమ్ముణ్ణి కాపలా పెట్టి మా వెంట పడ్డాడు. పొమ్మంటే పోడు. చక్రం ఎక్కడుంటే నేనక్కడే అంటాడు.”

“ఆ చక్రం ఫిరంగి ఇరుసుకి ఎలా సరిపోయింది?” పళ్ళక్క భర్త ముందుకు జరిగి గట్టిగా అడిగాడు. ఆయన కుతూహలం ఆయనది.

“ఎక్కడ సరిపోయిందీ! రంధ్రం వెడల్పు. మా తోలు బెల్టులన్నీ ఇరుసుకి చుట్టి బిగించాం. తర్వాత నలుగురమూ ప్యాంట్లకి తాళ్ళు కట్టుకుని యుద్ధం చేశాం.”

పళ్ళక్క చటుక్కున భూతద్దం తీసింది. ఫోటోలో ఒక్క సిపాయి నడుముకీ బెల్టు లేదు. అన్నీ తాళ్ళే. అన్ని రోజులు చూసింది, ఆకులు లెక్కపెట్టింది, నడుములు చూడలేదు.

“ఉప్పుబండి చక్రం నాలుగు వేళ్ళు పెద్దది” అని ముసలాయన చెప్పుకుపోయాడు. “ఫిరంగి ఎడమకి ఒరిగేది. మేం కొట్టిన గుండ్లు కూడా ఎడమకే పోయి పడేవి. మాకు బుర్ర పనిచెయ్యలేదు. ఆయనే పార అడిగి, చక్రం కింద నాలుగు వేళ్ళ లోతు గొయ్యి తవ్వి దింపాడు. ఎగుడుదిగుడు నేల మీద బస్తాలు ఎక్కించడానికి రోజూ చేసే పనేనట. రోజుకి రెండుసార్లు చక్రం మీద నీళ్ళు పోసేవాడు. కర్ర ఎండితే ఆకులు వదులైపోతాయని. గుండు పేలిన ప్రతిసారీ చెవులు మూసుకుని పరిగెత్తుకొచ్చి చక్రాన్ని తడిమేవాడు. మేం బతికున్నామో లేదో తర్వాత చూసేవాడు!”

నవ్వి, ఫోటోలో పొడుగ్గా ఉన్న ఒక సిపాయి మీద వేలు ఆనించాడు.

“ఇది తీసిన మర్నాడు వీడు పోయాడు. ఆ పూటే మాకు కొత్త చక్రం వచ్చింది. ఉప్పాయన చక్రం ఉప్పాయనకి ఇచ్చేశాం. ఆయన దాన్ని చెట్టుకి ఆనించి, వీడికి గొయ్యి తవ్వడానికి వచ్చాడు. అంతా అయ్యాక ఆఫీసరు కాగితం ఆఫీసరుకి ఇచ్చేసి, చక్రం దొర్లించుకుంటూ దిగిపోయాడు. పేరు కూడా అడగలేదమ్మా. ఆరు రోజులు ఒక్క చోట తిన్నాం.”

కోడలు కొంగుతో కళ్ళొత్తుకుంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఉన్నా ఆమెకూ ఈ సంగతి తెలియదు.

లేచేటప్పుడు పళ్ళక్క అడిగింది. “ఆయన ఫోటోలో లేడేం బాబాయిగారూ?”

“ఎందుకు లేడు? ఇదిగో ఇక్కడ, చక్రం పక్కనే...” అని ముసలాయన వేలు ఫోటో అంచు దాటి గాలిలోకి వెళ్ళింది. ఆయనే తికమకపడ్డాడు. “ఉండాలే! నేనిచ్చినప్పుడు ఉన్నాడు.”

సోమవారం తలుపులు తెరిచేసరికి పళ్ళక్క మ్యూజియం మెట్ల మీద ఉంది. కథంతా విని ఆఫీసరు గడ్డం గోక్కున్నాడు. నమ్మడానికీ లేదు, కొట్టిపారెయ్యడానికీ లేదు. చివరికి ఆయనే స్టూలెక్కి గోడ మీది ఫోటో దించాడు. స్క్రూలు విప్పి, వెనక అట్ట తీశాడు. ఫోటో చుట్టూ అందంగా కనబడాలని బిగించిన తెల్ల అట్టచట్రం ఊడివచ్చింది.

దాని కింద అంగుళం మేర ఫోటో దాగి ఉంది. అందులో తలకు గుడ్డ చుట్టుకున్న సన్నటి మనిషి చక్రం పక్కన చతికిలబడి ఉన్నాడు. ఒక చేయి చక్రం మీద, ఒక చేయి నీళ్ళ కుండ మీద.

“ఇన్నేళ్ళూ ఈయన్ని మేమే అట్ట కింద పెట్టేశామా!” అన్నాడు ఆఫీసరు. భూతద్దం లాక్కుని తనే ఆకులు లెక్కపెట్టాడు. పద్నాలుగు రాగానే చిన్నపిల్లాడిలా ఆమె వంక చూశాడు. “మేడమ్, ఈయన్ని కూడా చెయ్యండి. సంజాయిషీ సంగతి నేను చూసుకుంటాను.”

నెల రోజులు పట్టింది. ఒక చక్రానికి పన్నెండు, ఒకదానికి పద్నాలుగు, పళ్ళు కుట్టుకునే పుల్లలు చెక్కి పెట్టింది. పళ్ళ అచ్చులు పోసే సుద్దతో నేల చేసి, పెద్ద చక్రం కింద చిన్న గొయ్యి తీసింది. సిపాయిల నడుములకు కుట్టుదారం కట్టింది. ఉప్పాయన చూపుడువేలిలో సగమంత వచ్చాడు.

ప్రారంభం రోజున కోడలు ముసలాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. జనం తప్పుకుని దారిచ్చారు. ఆయన అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు. పొడుగు సిపాయిని చూసి పెదవులు కదిపాడు, ఏమన్నాడో వినబడలేదు. తర్వాత పళ్ళక్క వైపు తిరిగాడు.

“అన్నీ బాగున్నాయిగానీ తల్లీ, ఉప్పాయన ఇలా కూర్చోడు” అన్నాడు. “ఆయనకి ఎడమ మోకాలు వంగదు. కాలు చాపుకునే కూర్చునేవాడు.”

ఫోటోలో ఆ కాలు కుండ చాటున ఉంది. ఆమెకెలా తెలుస్తుంది?

పళ్ళక్క ఆఫీసరు వంక చూసింది. ఆయన నిట్టూర్చి జేబులోంచి తాళంచెవి తీసి అద్దాల పెట్టె తెరిచాడు. ఆమె చేతిసంచిలోంచి పట్టకారు తీసి ఉప్పాయన్ని పైకెత్తి, కట్టుడు పళ్ళు పెట్టే డబ్బాలో దూది మీద పడుకోబెట్టింది.

“కాలు ఎంతవరకు చాచేవాడు బాబాయిగారూ? కొంచెం వంగేదా, అసలు వంగేదే కాదా?”

ముసలాయన కోడలి భుజం పట్టుకుని, మ్యూజియం నేల మీద నెమ్మదిగా కూలబడి, ఎడమకాలు చాచి చూపించాడు. పళ్ళక్క కూడా పక్కనే చతికిలబడి, కాగితం మీద ఆ కాలు గీసుకోవడం మొదలుపెట్టింది.