వదిన రెండో ఈసీజీ

వదిన తనంతట తాను ఆసుపత్రికి వచ్చిందంటే ఏదో ఉన్నట్టే. ఒళ్లు కాలిపోతున్నా కుట్టుమిషను ముందు నుంచి లేవని మనిషి. ఇంట్లో డాక్టరైన ఆడపడుచు ఉంది కదా అని ఏనాడూ ఒక మాత్ర అడిగి ఎరగదు. అలాంటిది ఆ రోజు పొద్దున, ఓపీ మంచి రద్దీలో ఉండగా తలుపు ఓరగా తోసి, "ఖాళీగా ఉన్నావా పిట్టా?" అని అడిగింది.

చిన్నప్పుడు పుల్లలా సన్నగా ఉండేదని ఇంట్లో డాక్టర్ని అందరూ పిట్ట అనేవాళ్లు. ఇప్పుడు ఆ పేరు అన్నయ్య నోట్లో, వదిన నోట్లో మాత్రమే మిగిలింది. ఎదురుగా కూర్చున్న రోగి ఆ పిలుపు విని తలెత్తి చూశాడు. డాక్టర్‌కి కాస్త సిగ్గేసింది. "కూర్చో వదినా, ఈయన్ని చూసి పంపించేస్తా" అని మళ్లీ చీటీ మీదకి తల వంచేసింది.

ఆయన వెళ్లాక చూస్తే వదిన గోడకి ఆనుకుని చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటోంది. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది.

"ఏమైంది వదినా?"

"ఏం లేదే. ఎడమ భుజం లాగేస్తోంది. దవడ కూడా. రెండుసార్లు వాంతయింది. గ్యాసేమో. ఆ మాత్రేదో ఇస్తే పోతా, బడిపిల్లల యూనిఫాంలు సాయంత్రానికల్లా ఇవ్వాలి."

"గుండెల్లో నొప్పిగా ఉందా?"

"నొప్పని కాదు. ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంది. వాళ్లే లేచిపోతార్లే."

మామూలు రోజైతే ఆ మాటకి డాక్టర్ నవ్వేది. ఆ రోజు నవ్వు రాలేదు. వదిన వయసు నలభై అయిదైనా దాటలేదు. బీపీ ఉన్నట్టుగానీ షుగరున్నట్టుగానీ ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఆవిడ ఎప్పుడు చూపించుకుంది గనక. చెయ్యి పట్టుకుంటే తడిగా, చల్లగా తగిలింది. డాక్టర్ ఇంకేం అడక్కుండా లేచి, నర్సుని పిలిచి, పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టించి ఈసీజీ తీయమంది.

గుండెని పన్నెండు వైపుల నుంచి చూసి పన్నెండు గీతలు గీసే యంత్రం అది. కాగితం గరగరమంటూ బయటికొచ్చింది. పైన యంత్రం తనంతట తాను అచ్చేసుకున్న మాట, నార్మల్ అని. నర్సు హమ్మయ్య అనుకుంది. డాక్టర్ మాత్రం కాగితాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్లింది.

ఎడమ భుజం వైపు నుంచి గుండెని చూసే గీతొకటి ఉంటుంది, ఏవీఎల్ అంటారు. అది గుండె కొట్టుకున్న ప్రతిసారీ లేచి దిగి, తిన్నగా సాగాలి. ఇక్కడ అలా సాగకుండా రవ్వంత కిందకి జారింది. ఎవరైనా వేలితో మెత్తగా నొక్కినంత పల్లం. గుండె అడుగుభాగానికి రక్తం ఆగిపోయే ముందు, ఒక్కోసారి అడుగున ఏమీ కనపడకుండానే పైన ఇక్కడ ఇలా కుంగుతుందని ఆమె చదువుకుంది. చదువుకోవడం వేరు. ఆ కాగితం మీద వదిన పేరుండటం వేరు. నా కళ్లే భయంతో లేని పల్లాన్ని చూస్తున్నాయా అనుకుంది. కళ్లు మూసి తెరిచి మళ్లీ చూసింది. పల్లం అక్కడే ఉంది.

ఫొటో తీసి, పెద్దాసుపత్రిలో గుండె డాక్టరుకి పంపి ఫోన్ చేసింది. ఆయన అదృష్టవశాత్తూ వెంటనే ఎత్తాడు.

"అనుమానంగానే ఉందమ్మా. కానీ ఈ ఒక్కదాంతో చెప్పలేను. చెమటలున్నాయా?"

"ఉన్నాయి సార్."

"అయితే వైర్లు తీయకండి. పడుకోబెట్టి కాసేపాగి మళ్లీ తీయండి. గుండెపోటైతే గీత మారుతుంది, లేకపోతే మనిద్దరం హాయిగా నవ్వుకుందాం. ఈలోగా ఆస్పిరిన్ నమలనివ్వండి. పేషెంటు మీకేమైనా అవుతారా?"

"మా వదిన సార్."

"ఫోను చేతిలోనే పెట్టుకుంటాను" అన్నాడాయన.

ఆ కాసేపు డాక్టర్‌కి ఒక యుగంలా గడిచింది. బయట రోగులు గొణుగుతున్నారు. సెలవులో ఉన్న ఇంకో డాక్టర్‌ని రమ్మని కబురంపింది. అన్నయ్యకి ఫోన్ చేసింది. అన్నయ్యది వీధి చివర మోటార్లు బాగుచేసే షాపు. "వదిన ఇక్కడుంది, ఒకసారి రా" అంది. ఎందుకని అడిగితే, "రా, చెప్తా" అని పెట్టేసింది.

వదిన మాత్రం ఒంటినిండా వైర్లతో పడుకుని నస పెడుతూనే ఉంది. "ఇదంతా ఊడబెరికి పంపించవే. గుండీలు కుట్టడమే మిగిలింది. ఆ ప్రిన్సిపాలమ్మ నోరు నీకు తెలీదు."

"ఆవిడతో నేను మాట్లాడతా. నువ్వు నోరు మూసుకుని పడుకో."

"అబ్బో, డాక్టరువే" అని వదిన కళ్లు మూసుకుంది. మూసుకున్న తీరు డాక్టర్‌కి నచ్చలేదు. పెదాల చుట్టూ రంగు వెళ్లిపోతోంది.

"ఇంకోటి తీయండి సిస్టర్" అంది.

రెండో కాగితానికి కిటికీ అక్కర్లేకపోయింది. అడుగుభాగాన్ని చూసే మూడు గీతలూ గోపురాల్లా లేచి నిలబడ్డాయి. ఏవీఎల్‌లో పల్లం గొయ్యయింది. యంత్రం కూడా ఈసారి నార్మల్ అనలేదు. ఒక పక్క, నేను చూసింది నిజమే అన్న తెలివిడి. ఇంకో పక్క, అది అబద్ధమైతే ఎంత బాగుండేదన్న ఏడుపు. రెండింటికీ అప్పుడు తీరిక లేదు.

నర్సు గుండెపోటని తెలియగానే, అలవాటు కొద్దీ నాలుక కింద పెట్టే మాత్ర విప్పి వదిన నోటి దాకా తెచ్చింది. చాలామందికి ముందు ఇచ్చేది అదే.

"ఆగండి సిస్టర్. బీపీ చూశారా?"

బీపీ తొంభైకి దిగింది. డాక్టర్, వదిన ఛాతీ మీద ఎడమ పక్కనున్న ఒక వైరు పీకి కుడి పక్కన అతికించి మరో గీత తీసింది. అదీ లేచే ఉంది. పోటు గుండె కుడిగదికి కూడా పాకింది. అలాంటప్పుడు ఆ మాత్ర పెడితే ఉన్న బీపీ కూడా కుప్పకూలుతుంది. నర్సు మాత్రని ట్రేలో పెట్టేసింది. "నేను పెట్టేసేదాన్ని మేడమ్" అంది. "అందరం అదే చేస్తాం. సెలైను పెట్టండి, గబగబా పోనివ్వండి" అంది డాక్టర్.

అప్పటికి అన్నయ్య వచ్చాడు. చేతులకి గ్రీజు అలాగే ఉంది. డాక్టర్ అతన్ని వదినకి కనపడేలాగే మంచం పక్కన నిలబెట్టి చెప్పింది. గుండెకి రక్తం తీసుకెళ్లే గొట్టంలో గడ్డ అడ్డం పడింది. గొట్టాన్ని లోపలి నుంచి తెరిచే వసతి పెద్దాసుపత్రిలో ఉంది, కానీ అక్కడికి దారి బాగుంటే రెండు గంటలు, లారీలు అడ్డం పడితే మూడు. ఇక్కడైతే గడ్డని కరిగించే ఇంజెక్షనుంది. ఇప్పుడే ఇవ్వొచ్చు. నూటికి ఒకరిద్దరికి దానివల్ల మెదడులో రక్తస్రావం అవుతుంది.

అన్నయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు డాక్టరుగా చెబుతున్నావా, చెల్లెలిగా చెబుతున్నావా?"

"ఆ రెండింటినీ విడదీసే ఓపిక నాకిప్పుడు లేదన్నయ్యా. సంతకం పెట్టు."

అతను పెట్టాడు. కాగితానికి గ్రీజంటింది. డాక్టర్ వదిన మీదకి వంగి, ఇంజెక్షనుకి ముందు అడగాల్సినవన్నీ ఒక్కొక్కటే అడిగింది. కడుపులో పుండ్లున్నాయా, ఆపరేషన్లేమైనా అయ్యాయా, పక్షవాతం వచ్చిందా. వదిన లేదు లేదు అంటూ వచ్చింది.

"ఈ మధ్య తలకేమైనా దెబ్బ తగిలిందా?"

వదిన మొగుడి వైపు చూసింది.

"వదినా. తగిలిందా?"

"పోయిన నెల్లో. స్టూలెక్కి బట్ట తాను లాగుతుంటే జారి పడ్డా. అంతే, బొప్పి కట్టింది."

"స్పృహ తప్పిందా?"

"తప్పలేదు" అంది వదిన. ఆ వెంటనే, "ఏమో" అంది.

డాక్టర్ చేతిలో సిరంజి ఉంది. మందు కలిపి నిండుగా ఉంది. "ఏమో అంటే కుదరదు వదినా. ఇది ఇవ్వాలా వద్దా అన్నది నీ మాట మీదే ఉంది. పడ్డాక వెంటనే లేచావా?"

వదిన పైకప్పు వైపు చూసింది. "పొయ్యి మీద పాలు పెట్టి వెళ్లా. పచ్చిపాలు. లేచి చూసేసరికి పాలన్నీ ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడి ఉంది. మధ్యలో ఏమైందో నాకు తెలీదు."

అన్నయ్య మొహం మాడిపోయింది. "ఆ గిన్నె... ధ్యాస ఎక్కడ పెట్టుకున్నావని నేను తిట్టాను కదా. అప్పుడైనా చెప్పలేదేం?"

"చెబితే కుట్టు మానేయమనేవారు" అంది వదిన.

డాక్టర్ సిరంజిని ట్రేలో పెట్టింది. అంతసేపు స్పృహ తప్పిందంటే లోపల ఏ నరం ఎలా ఉందో ఎవరికి తెలుసు. గుండెకని ఇచ్చిన మందు తలని ముంచేస్తే. గుండె డాక్టరుకి విషయం చెప్పింది. ఆయన తడుముకోలేదు. "ఇవ్వొద్దు. ఆ ఒక్క మాట అడిగినందుకు బతికిపోయాం. బయల్దేరండి, నేను మనుషుల్ని సిద్ధంగా ఉంచుతాను. షాక్ ప్యాడ్లు ఇప్పుడే అతికించండి, అవసరమొచ్చాక వెతుక్కోకండి."

అంబులెన్సులో అన్నయ్యని ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. వెనక వదిన, డాక్టర్, నర్సు. ముందుకీ వెనక్కీ మధ్యలో చిన్న అద్దం కిటికీ. సైరన్ మోగుతూనే ఉంది. డాక్టర్ కళ్లు మానిటర్‌ని వదల్లేదు. ఆకుపచ్చ గీత లేచి పడుతూ పోతోంది. బండి గోతిలో పడి ఎగిరినప్పుడల్లా గీత చిందరవందర అయ్యేది, ఆమె ఊపిరి ఆగేది, మళ్లీ గీత కుదుటపడేది. అలా ఎన్నిసార్లు జరిగిందో. చివరికి గొయ్యేదో గుండేదో తేడా తెలియకుండా పోతుందేమో అన్న భయం పట్టుకుంది.

సగం దారి దాటాక రోడ్డు నున్నగా ఉన్నచోట గీత చెదిరింది. ఈసారి కుదుటపడలేదు.

"వదినా" అని పిలిచింది. వదిన కళ్లు సగం తెరుచుకుని ఎటూ చూడటం లేదు. మెడ మీద వేళ్లు పెడితే ఏమీ కొట్టుకోలేదు. మానిటర్ మీద గీత పిల్లలు పెన్సిలుతో కెలికినట్టుంది. గుండె కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతోంది. డాక్టర్ బండి ఆపమని అరిచింది. నర్సు ఛాతీ నొక్కడం మొదలుపెట్టింది. డాక్టర్, ముందే వదిన ఛాతీకి అతికించి ఉంచిన షాక్ ప్యాడ్ల యంత్రం మీట తిప్పి, ఎవరూ తాకొద్దని చెప్పి, బటన్ నొక్కింది.

వదిన ఒళ్లు ఒక్కసారి ఎగిరి పడింది. నర్సు మళ్లీ నొక్కుతోంది. డాక్టర్‌కి చెవుల్లో సైరన్ తప్ప ఏమీ వినపడటం లేదు. గీత వైపు చూడాలంటే భయమేసింది. అయినా చూసింది. గుండె కొట్టుకున్న గుర్తు ఒకటి. చాలా దూరంలో ఇంకొకటి. తర్వాత దగ్గర దగ్గరగా. వదిన దగ్గి, ఎవర్నో కసురుకున్నట్టు చెయ్యి విదిలించింది.

"పోనీ అన్నా, పోనీ" అంది డాక్టర్ డ్రైవరుతో. తన గొంతు తనకే కొత్తగా వినపడింది.

పెద్దాసుపత్రి గుమ్మంలో మనుషులు స్ట్రెచరుతో నిలబడి ఉన్నారు. గుండె డాక్టరు రెండో కాగితం ఒక్కటీ చూసి, తలూపి, వదినని లోపలికి తోసుకుపోయాడు. తలుపు మూసుకుంది. డాక్టర్ ఆ తలుపు ముందు రోగి తాలూకు మనిషిలా నిలబడిపోయింది. ఇప్పటిదాకా ఆమె ఎప్పుడూ తలుపుకి అవతలి వైపే ఉంది. ఇవతల ఇలా ఉంటుందని, గోడ మీద పెచ్చులు లెక్కపెట్టడం తప్ప చేయడానికి ఏమీ ఉండదని ఎవరూ చెప్పలేదు. అన్నయ్య బెంచీ మీద కూర్చుని చేతుల గ్రీజు గోళ్లతో గీక్కుంటున్నాడు.

చాలాసేపటికి ఆయన బయటికొచ్చి మాస్కు దించాడు. "గొట్టం తెరుచుకుంది. గుండె అడుగుభాగం కొంచెం దెబ్బతింది, అది పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు. మనిషి దక్కింది. తలకి స్కానింగ్ కూడా తీయిద్దాం."

డాక్టర్ అప్పుడు ఏడ్చింది. నర్సు పక్కనే ఉందని కూడా చూసుకోలేదు.

తలలో ఏమీ లేదని తేలింది. మూడో రోజుకి వదినని వార్డుకి మార్చారు. డాక్టర్ వెళ్లేసరికి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి సగమైంది.

"నాకు మన ఆసుపత్రి గుర్తుంది, ఇక్కడ పైకప్పు దీపాలు గుర్తున్నాయి. మధ్యలో బండిలో ఏమైంది పిట్టా?"

డాక్టర్ దాయాలనుకుంది. దాచలేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పింది. వదిన దుప్పటి అంచు మడతపెడుతూ విన్నది.

"మీ అన్నయ్యకి చెప్పకు. బెంబేలెత్తిపోతారు."

"అద్దంలోంచి అంతా చూశాడు వదినా. అప్పట్నుంచీ సరిగ్గా తినడం లేదు. రాత్రంతా వరండాలో తిరుగుతున్నాడట."

వదిన దుప్పటి సర్దుకుని, జుట్టు చేత్తో వెనక్కి దువ్వుకుంది. "పిలువు. నేనే మాట్లాడతా. ఆ గిన్నె సంగతి కూడా అప్పుడే చెప్పాల్సింది."

డాక్టర్ వరండాలోకి వెళ్లింది. అన్నయ్య చివరి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.