మూడో ప్రకటన

పెళ్ళి గురువారమైతే, నవోమి శనివారం సాయంత్రమే సంచి ముందర వేసుకుని కూర్చుంది. పెళ్ళికూతురు ఆమె ఆడబిడ్డ, పేరు సమాధానం. వయసు యాభై తొమ్మిది. మైపాడు చుట్టుపక్కల పల్లెలన్నీ ఇంటింటా వాక్యం చెప్పే బైబిలు స్త్రీగా కాలినడకన తిరిగిన మనిషి. ఇన్నేళ్ళూ తెల్లచీర తప్ప వేరే కట్టలేదు.

పెళ్ళికొడుకు ఊరు బుచ్చికి పోయే సంచి అది. నాలుగు చీరలు, నీలగిరి తైలం సీసా, కుట్టూడిన పాటల పుస్తకం, పాత పేపర్లో చుట్టిన ఎండు రొయ్యలు. నవోమి పెట్టింది తీసి, తీసింది మళ్ళీ పెడుతోంది.

"రొయ్యలెందుకొదినా? బుచ్చిలో చేపలు దొరకవా?"

"దొరుకుతాయిలే, చెరువు చేపలు. బురద వాసన కొట్టేవి."

అడుగున కొత్త చీరొకటి చేతికి తగిలింది. చిలకపచ్చ రంగు.

"ఎవరిదే ఇది?"

"నాదే."

"నువ్వు కడతావా?"

"కట్టకుండా చూసుకుంటా కూర్చునేదానికా కొన్నింది?"

గడపలో బియ్యం ఏరుతున్న పెద్దకోడలు డెబోరా కిసుక్కున నవ్వింది. "అత్తమ్మా, చూడు, సమాధానమత్త సిగ్గుపడతా ఉంది!"

"నీకు లేంది నాకన్నా ఉండనీ," అంది సమాధానం.

ఆ ఇంట్లో పిల్లాజెల్లా కలిపి పదముగ్గురు. సాయంత్రం ప్రార్థనలో సమాధానం రాగం ఎత్తితే అందరూ అందుకుంటారు. పోయిన వారం ఆమె ఊళ్ళో లేని రోజు డెబోరా ఎత్తింది. రెండో చరణానికే గొంతులు అందక, పెద్దకొడుకు టైటస్ దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయినాడు. ఇకమీదట ఎవరు ఎత్తాలో ఇంట్లో ఇంకా తేలలేదు.

నవోమికి తేలనిది వేరే ఉంది.

ముప్పై ఆరేళ్ళ కిందట, ఆమె మొగుడు సముద్రం మీద వేటకు పోయిన పొద్దున, పొయ్యి ఊదుతూ ఆమె తల తిప్పి చూడలేదు. పడవ వచ్చింది, మనిషి రాలేదు. టైటస్‌కు నాలుగేళ్ళు, చిన్నవాడు బెన్హర్ చంకలో బిడ్డ. ఆ నెలలోనే సమాధానానికి బుచ్చి నుంచి హెబ్రోను అనే అతని సంబంధం వచ్చింది. నవోమి ఆడబిడ్డ చెయ్యి పట్టుకుని, "నన్ను విడిచి పోనని మాటియ్యి" అని అడిగింది. సమాధానం మాటిచ్చింది. సంబంధం వెనక్కి పోయింది. హెబ్రోను వేరే పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని పెంచినాడు, నాలుగేళ్ళ కిందట భార్యను పోగొట్టుకున్నాడు. మొన్న క్రిస్మసుకు వచ్చి మళ్ళీ అడిగినాడు. ఈసారి సమాధానం సరేనంది.

మరి ఆ మాట ఏమైనట్టు? నవోమి బడికి పోలేదు. అక్షరాలు బైబిలు వాక్యం కూడబలుక్కుంటూ సొంతంగా నేర్చుకుంది. నెల రోజులుగా ధర్మశాస్త్రంలో ఒకటే అధ్యాయం తిరగేస్తోంది. ఆడపిల్ల ప్రమాణం చేస్తే, తండ్రి విన్ననాడే కాదంటే అది చెల్లదు. భర్త కాదన్నా చెల్లదు. వదినకిచ్చిన మాట సంగతి మాత్రం మోషే ఎక్కడా రాయలేదు.

గుడిలో రెండు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివినారు. "అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను" అన్నప్పుడల్లా నవోమి లేవబోయి ఆగింది. రేపు మూడోది, ఆఖరిది. లేచి ఆ మాట సంగతి చెప్తే సమాధానం ఎదురు చెప్పదు. నవోమికి అది బాగా తెలుసు.

డెబోరా చేట తీసుకుని లోపలికి పోయినాక నవోమి అడిగింది. "సమాధానం, అప్పుడు హెబ్రోను సంబంధం వచ్చినప్పుడు నీకు ఇష్టమేనా?"

సమాధానం తైలం సీసా మూత బిగించింది. "ఇష్టమే."

"మరి చెప్పలేదే?"

"నువ్వు మాట అడిగినావు. ఇష్టం అడగలా."

కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అంది.

మర్నాడు గుడిలో పాస్టరు క్రీస్తురాజు అయ్యగారు మాస్కు గడ్డం కిందికి లాక్కుని మూడో ప్రకటన చదివి, తలెత్తి చూసినాడు. ఆడవాళ్ళ వైపు చాపల మీద నుంచి నవోమి లేచింది.

"కూర్చో అత్తమ్మా, కూర్చో!" డెబోరా కొంగు పట్టుకుని లాగింది. సమాధానం తల తిప్పలేదు. ఒళ్ళో పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"ఏమ్మా, అభ్యంతరమా?" అన్నాడు అయ్యగారు.

"అయ్యా, చానా ఏళ్ళ కిందట, నన్ను విడిచి పోనని ఈమె దగ్గర నేనొక మాట తీసుకున్నా. అది మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదు. దాన్ని సంఘం ముందర వదిలేస్తుండా. రాసుకోండి."

ప్రకటనల పుస్తకంలో ఎక్కడ రాయాలో ఆయనకు తోచలేదు. "అభ్యంతరం లేదని రాయనామ్మా?"

"ఉన్నింది. ఇప్పుడు లేదు. అట్నే రాయండి."

మగవాళ్ళ వైపు ఎవరో నవ్వినారు. సమాధానం పైటకొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

గురువారం ఆమె చిలకపచ్చ చీర కట్టింది. భోజనాలయినాక బుచ్చి వాళ్ళ వ్యాను కదులుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టి, "మట్టల ఆదివారానికి వస్తా వదినా, ఏడవబాక" అంది.

"నేనెందుకేడుస్తా? పో," అంది నవోమి, ఏడుస్తూనే.

ఈస్టరుకు వారం ముందరి ఆ మట్టల ఆదివారానికి, హెబ్రోనుకు మోకాళ్ళ నొప్పులని సమాధానం ఫోను చేసింది. ఈస్టరుకు, కరోనా మళ్ళీ ఎక్కువైంది, బస్సుల్లో తిరగొద్దని టైటసే ఫోనులో చెప్పినాడు. సమాధానం 2021 మే పద్నాలుగున, శుక్రవారం, బుచ్చిలో చనిపోయింది. అక్కడే సమాధి చేసినారు. వ్యాను ఎక్కిన రోజు తర్వాత ఆమె మళ్ళీ ఈ ఇంటికి రాలేదు.